ముప్పై ఎనిమిది పేర్లు

మొన్న ఉదయం ఆ పాత ల్యాప్‌టాప్ మూత తెరిచినప్పుడు తెర మధ్యలో చిన్న పెట్టె ఒకటి వచ్చి నిలిచింది. యంత్రాన్ని నడిపే లినక్స్ వ్యవస్థకు కొత్త విడుదల సిద్ధంగా ఉందనీ, ఇప్పుడే మారతారా, తర్వాత గుర్తుచేయమంటారా అనీ ఇంగ్లీషులో అడిగింది. నేను చదివి, అలవాటుకొద్దీ తెలుగులో పైకి చెప్పాను. చెప్పిన తరువాత గానీ వినవలసిన మనిషి గదిలో లేడని స్ఫురించలేదు. ఆయన పోయి అప్పటికి నలభై రోజులు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పులికాటు సరస్సు ఒడ్డున మా ఊరి వంతుల పట్టికను పదకొండేళ్లపాటు తయారుచేసిన ఆ మనిషి ఏ ఒక్క ఏడాదీ దాని అడుగున తన పేరు వేసుకోలేదు. ప్రధానోపాధ్యాయుడిగా ముప్పై ఏళ్లు సంతకాలు పెట్టినవాణ్ణి గనుక, పత్రమన్నాక కర్త ఉండాలని నేనొకసారి గట్టిగానే చెప్పాను.

"వలేసేటోళ్ల పేర్లుంటే చాలు అయ్యోరా. రాసినోడి పేరు రొయ్యలకెందుకు?" అన్నాడు.

ఆ పట్టిక ఏమిటో ముందు చెప్పాలి. సరస్సులో గుంజలు పాతి వలలు కట్టే తావులన్నీ సమానం కావు. మొగ దగ్గర, అంటే సముద్రపు నీరు సరస్సులోకి వచ్చే చోట, రొయ్య దండిగా పడుతుంది. లోపలి తావుల్లో నీరు తక్కువ, బురద ఎక్కువ. అందువల్ల మొగ తావు ఏ రోజు ఏ ఇంటిదో వరుస కట్టి, ఏడాదికొకసారి ఆ వరుసను వలల షెడ్డు గోడకు అంటిస్తారు. మొత్తం ముప్పై ఎనిమిది ఇళ్లు. నిరుడు మొదట ఉన్న ఇల్లు ఈ ఏడు చివరికి పోతుంది; రెండోది మొదటికి వస్తుంది. గోడ మీద పేరు లేని ఇంటికి ఆ ఏడంతా మొగ తావు లేదు. వెనుకటికి చేతిరాత పట్టికను ఎవరో దిద్దారని పడవల మీద నుంచే కొట్లాట జరిగిందట. అప్పటి నుంచి అచ్చు కాగితాన్ని తప్ప మరి దేనినీ ఒప్పుకోరాదని ఊరు తీర్మానించుకుంది.

ఆ అచ్చు పని ఈయన మీద పడింది. భుజం జారి, గుంజ ఎత్తే బలం పోయాక ఒడ్డుపని చేసుకుంటూ ఉన్న రోజుల్లో, ఊళ్లో కంప్యూటరు శిక్షణ పెట్టిన ఒక సంస్థవాళ్లు శిబిరం ఎత్తేస్తూ చెడిపోయిందని పక్కన పడేసిన ల్యాప్‌టాప్‌ను ఈయన అడిగి తెచ్చుకున్నాడు. అందులో ఉచితంగా దొరికే లినక్స్ ఉంది. ఎందుకదే పట్టుకున్నారని అడిగితే, "నన్నెప్పుడూ డబ్బులు అడగలేదు అయ్యోరా, అందుకని" అన్నాడు.

ఐదో తరగతితో చదువు ఆపిన మనిషి. ఇంగ్లీషు వాక్యం చదవలేడు. అక్షరాలను మాత్రం ముఖాలను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాడు. యంత్రానికి ఇవ్వవలసిన ఆజ్ఞలన్నీ ఒక రూళ్ల పుస్తకంలో బొమ్మ గీసినట్టు గీసుకుని, ఒక్కోదాని పక్కన అది చేసే పని తెలుగులో రాసుకున్నాడు. సుడో అనే మాట పక్కన "ఊరిపెద్ద మాట. ఊరికే వాడకూడదు" అని ఉంది. యంత్రంలో ముఖ్యమైనదేది మార్చాలన్నా ముందు ఆ మాట కొట్టాలి. దాని నిర్వచనం నేను తరువాత పుస్తకాల్లో వెతికి చూశాను. ఇంతకన్న పొందికైనది దొరకలేదు.

చూపుడువేలు పూర్వమెప్పుడో వలతాడు కోసి వంకర తిరిగింది కనుక ఉంగరపు వేలితో ఒక్కో మీటా నొక్కేవాడు. కళ్లజోడు కాడ విరిగితే వల నేసే నైలాను దారంతో కట్టుకున్నాడు. చేపలు మోసే ప్లాస్టిక్ ట్రేను బోర్లించి దాని మీద కూర్చునేవాడు. ఉప్పుగాలికి యంత్రం తుప్పు పట్టకుండా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొడి తువ్వాలుతో తుడిచి, మూత వేస్తూ "ఇంక పడుకో" అనేవాడు. నేను క్రమశిక్షణ పాటించే మనిషినని పేరు పడ్డవాణ్ణి. ఎవరినీ ఏకవచనంలో పిలవను. "నన్ను మీరు అనబాకండి అయ్యోరా, పక్కన ఇంకెవురో ఉండారేమో అనిపిస్తాది" అని నవ్వేవాడు. నేను మానలేదు. ఆయనా నవ్వడం మానలేదు.

మా ఇద్దరినీ కలిపింది ఒక తప్పు. ఒక ఏడాది ఆయన ప్రింటరు ఉప్పు పట్టి ఆగిపోయింది. పట్టికను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని సూళ్లూరుపేటలో ఒక షాపుకు పోయి అచ్చు వేయించుకొచ్చాడు. అక్కడి కంప్యూటర్లో తెలుగు అక్షరాల కొలత వేరు. మొదటి పుట అడుగున ఉండవలసిన పేరు కాగితం అంచు దాటి ఎగిరిపోయింది. అది మునయ్య పేరు. గోడకంటించిన నాడు మునయ్య పని మీద చెన్నై వైపు పోయి ఉన్నాడు. వచ్చి చూసుకునేసరికి గోడ మీద తాను లేడు. ఊరు బాధపడింది గానీ నియమం సడలించలేదు. ఒకరికి సడలిస్తే ముప్పై ఏడుగురూ అడుగుతారని అందరికీ తెలుసు.

ఈయన ఎవరితోనూ వాదించలేదు. తన ఇంటి వంతు వచ్చిన ప్రతిరోజూ తన వలను మునయ్య పడవలో వేసి పంపి, పట్టినదంతా మునయ్యకే వదిలేశాడు. ఆ ఏడంతా తాను షెడ్డులో ఇతరుల వలలు బాగుచేస్తూ కూర్చున్నాడు. ఈ సంగతి ఆయన నాతో అనలేదు. ఆయన భార్య చెప్పింది. "ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోని తిరుగుతుండాడు అయ్యోరా. చొక్కా ఉతకాలన్నా తీసియ్యడు" అని.

మరుసటి ఏడు పట్టిక అంటించే శనివారానికి ఆరు రోజుల ముందు ఆయన మా ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. బావమరిది కొత్త ప్రింటరు కొనిచ్చాడట. పాత లినక్స్ దాన్ని గుర్తుపట్టడం లేదు. ఆ లినక్స్ నాలుగు విడుదలలు వెనకబడి ఉంది. మార్చుకుంటూ పోవాలి. మధ్యలో అది ఇంగ్లీషులో ప్రశ్నలు వేస్తుంది.

"చదివి చెప్పేదానికి మీరు రావాల అయ్యోరా. మీటలు నేను నొక్కతా."

సూళ్లూరుపేటలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి, మొత్తం తుడిచేసి కొత్తది వేస్తే అరగంట పని అన్నాడట. అదే మేలు కదా అని నేనూ అన్నాను.

"తుడిచేస్తే నేను అమర్చుకున్న తెలుగు మీటలు, గళ్లు, అన్నీ పోతాయి. మళ్లీ నేర్చుకునేదానికి నాకు ఇంకో పదేళ్లు యాడుండాయి?"

"పోనీ, నేరుగా చివరి విడుదలకే పోవచ్చు కదా?"

"ఒప్పుకోదు. ఒకదాన్నించి దాని పక్కదానికే పోవాల. మన వంతుల మాదిరే, మధ్యలో ఇంటిని దాటేదానికి లేదు."

ల్యాప్‌టాప్ బ్యాటరీ ఏనాడో చచ్చింది. తీగలో కరెంటు ఉన్నంతసేపే దానికి ప్రాణం. మార్పు జరుగుతుండగా కరెంటు పోతే పని చెడుతుంది. ఊళ్లో ఇన్వర్టరు ఉన్నది ప్రార్థనా మందిరంలో. ఈయన గుడి పండగకు మొదటి కొబ్బరికాయ కొట్టే ఇంటివాడు. పోయి పాస్టరు గారిని అడిగాడు.

"ఆదివారం తప్ప ఎప్పుడైనా కూర్చోండన్నా. కరెంటు పోయినా మా ప్రార్థన సాగుతాది, మీ పనే సాగదు" అన్నారట పాస్టరు గారు.

సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు మందిరం వరండాలో మొదలుపెట్టాం. పేర్ల పట్టిక నకళ్లు అప్పటికే రెండు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి, ఒకటి ఇంట్లో కందిపప్పు డబ్బాలో, ఒకటి నా చొక్కా జేబులో పెట్టాడు. ఇంటర్నెట్ ఆయన భార్య ఫోను నుంచి రావాలి. సిగ్నలు వరండా చూరు దగ్గరే అందుతుంది కనుక ఆ ఫోనును వలముక్కలో కట్టి చూరుకు వేలాడదీశాడు. రహస్యపదం కొడుతుంటే తెర మీద ఒక్క చుక్కయినా పడలేదు. మీట పనిచేయడం లేదని నేను హెచ్చరించాను.

"కనబడదు అయ్యోరా, లోపలికి పోతా ఉండాది. నీళ్లలో వల కనబడతాదా?"

తెర మీద వరసలు పారడం మొదలైంది. నేను నా పద్ధతి ప్రకారం ఒక నోటుపుస్తకంలో సమయం, అడిగిన ప్రశ్న, ఇచ్చిన జవాబు రాసుకుంటూ వచ్చాను. ఒకచోట ఆగి, ఈ అమరికను మీరు మునుపు మార్చుకుని ఉన్నారు, మీది ఉంచుకుంటారా, కొత్తది పెట్టమంటారా అని అడిగింది. కొత్తదే శాస్త్రీయమని నేను సలహా చెప్పాను.

"ఉండేది ఉంచమనండి."

"కొత్తది మెరుగుపరచినది కదా?"

"మెరుగే గావచ్చు. దానికి మన ఊరు తెలీదు గదా. పక్కన పెట్టి ఉంచుతాది, కావాలంటే రేపు చూసుకుందాం."

ఆ ప్రశ్న ఆ వారంలో తొమ్మిదిసార్లు వచ్చిందని నా పుస్తకం చెబుతోంది. తొమ్మిదిసార్లూ ఆయన జవాబు అదే.

సోమవారం ఒక మెట్టు, మంగళవారం ఒక మెట్టు ఎక్కాం. బుధవారం జరిగింది రాయడానికి నాకు ఇష్టం లేదు. రాయకపోతే మాత్రం ఈ చిత్రం అబద్ధమవుతుంది.

ఆ రోజు మూడో మార్పు సగంలో ఉండగా, పడవలు ఒడ్డుకొస్తున్నాయని కబురొచ్చి ఆయన లేచాడు. "ఏం అడిగినా నేనొచ్చిందాకా నొక్కబాకండి" అని చెప్పి వెళ్లాడు. ఇరవై నిమిషాలకు తెర నల్లబడింది. ఫ్యాను చప్పుడు కూడా వినిపించలేదు. నేను గడియారం చూస్తూ పావుగంట ఆగాను. యంత్రం స్తంభించిపోయిందని నిర్ణయించాను. జీవితమంతా నిర్ణయాలు తీసుకున్నవాణ్ణి కదా. పెద్ద మీటను పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నొక్కి పట్టి ఆర్పాను. తెర కేవలం నిద్రపోయిందనీ, లోపల పని సాగుతూనే ఉందనీ, ఏదో ఒక చిన్న మీట తాకితే వెలిగేదనీ నాకు తరువాత తెలిసింది. మళ్లీ వెలిగించినప్పుడు బొమ్మలు లేవు, కిటికీలు లేవు. నల్లటి తెర మీద నాలుగు తెల్లటి అక్షరాల వరసలు మిగిలాయి.

ఆయన తిరిగొచ్చేసరికి నేను లేచి నిలబడి ఉన్నాను. చేసినదంతా దాచకుండా చెప్పాను. ఆయన తెర వైపు చూశాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుని, ట్రే మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకున్నాడు.

"లేచినారేంది అయ్యోరా? కూర్చోండి. ఏం రాసుండాదో చదవండి."

"నేను చేసినది క్షమించదగినది కాదు."

"అది తెర మీద రాసుండాదా?"

"లేదు."

"రాసుండేదే చదవండి."

కూర్చున్నాను. పేరు, రహస్యపదం అడుగుతోందని చదివాను. కొట్టాడు. తరువాత ఏమీ చేయకముందు పట్టిక పేరు పెట్టి పిలిచి చూశాడు. ఫైలు పేరు తెల్లటి వరసగా కనబడింది. "ఉండాయి. బొమ్మలు పోయినాయి గానీ మనుషులు పోలేదు" అన్నాడు. ఆగిన మార్పును కొనసాగించమని అడిగితే యంత్రం నిరాకరించింది. దాని వాక్యం నాకిప్పటికీ జ్ఞాపకం: పని మధ్యలో ఆగిపోయింది, దాన్ని సరిచేయడానికి ఈ కింది ఆజ్ఞను మీరే స్వయంగా ఇవ్వాలి.

"దారి అదే చెప్తా ఉండాదే. ఇద్దాం" అన్నాడు.

నేను ఒక్కో అక్షరం పలికాను. ఆయన ఉంగరపు వేలితో ఒక్కోటి నొక్కాడు. వరసలు పారాయి, ఆగాయి. ఆగిన చోట చదివాను, కొట్టాడు, మళ్లీ పారాయి. మధ్యాహ్నం దాటింది. ఆయన భార్య పెరుగన్నం క్యారేజీ తెచ్చి, మా మొహాలు చూసి మెట్టు మీద కూర్చుంది. ఆయన తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

"నిరుడు మునయ్య పేరు పోయిన దినం నేను గూడా మీ మాదిరే లేచి నిలబడినా అయ్యోరా. ఆ గోడ ముందర పొద్దు గూకిందాకా నిలబడినా. నిలబడితే పేరు రాలేదు."

నాలుగు గంటలకు తెర ఒక్కసారి వెలిగి బొమ్మలు తిరిగొచ్చాయి. పెరుగన్నం పుల్లబడింది. ముగ్గురమూ అదే తిన్నాం.

గురువారం నాలుగో మెట్టు ఎక్కాం. తెర నల్లబడినప్పుడల్లా నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. శుక్రవారం ఉదయం కొత్త ప్రింటరు తీగ తగిలిస్తే యంత్రం దాని పేరు తానే చెప్పింది. రెండు పుటలు వచ్చాయి. ఆయన వాటిని పక్కపక్కన పరిచి, ఉంగరపు వేలితో పైనుంచి కిందికి లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది. మళ్లీ కింది నుంచి పైకి లెక్కపెట్టాడు. అదెందుకని అడిగాను.

"పైనించి చదివేటప్పుడు నోరు అలవాటు మీద పోతాది, లేని పేరును గూడా చదివేస్తాది. కిందినించయితే ఒక్కో ఇంటి కాడ ఆగాల."

ముప్పై ఎనిమిది వచ్చాక జేబులోంచి నిరుటి కాగితం తీశాడు. మడతల దగ్గర చినిగిపోయి ఉంది. దాన్ని భార్య చేతికిచ్చి, "చొక్కా ఉతుక్కోమే" అన్నాడు.

ఆ తరువాత మరి రెండు విడుదలలు వచ్చాయి. పట్టిక అంటించాక వచ్చే సోమవారం, ఉదయం తొమ్మిదికి, అదే వరండాలో మేమిద్దరం అవీ ఎక్కాం. పట్టిక ముందర నెలలో మాత్రం యంత్రంలో దేన్నీ ముట్టుకోరాదని ఆ బుధవారం తరువాత ఆయన నియమం పెట్టుకున్నాడు. నా ముందర ఆ నియమానికి కారణం ఎన్నడూ చెప్పలేదు.

ఒకరోజు ఆయన షెడ్డులో కూర్చుని వల అల్లుతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. చేతిలో దారపు కండె అలాగే ఉంది. నిరుటి పట్టికలో ఆయన ఇల్లు అన్నిటికన్న పైన ఉండింది. లెక్క ప్రకారం ఈ ఏడు అన్నిటికన్న కింద ఉండాలి. ఉండాలా, తీసేయాలా అన్నది గత వారం షెడ్డులో ఊరి ముందుకు వచ్చింది. ఇంగ్లీషు చదివేవాడిగా నేనూ ఒక మూల కూర్చున్నాను.

"మగోడు లేని ఇంటికి వంతెట్టా?" అన్నాడు ఒక పెద్ద. "తావు ఊరికే పోతాది. వలెవురు కడతారు?"

మునయ్య లేచాడు. "నేను కడతా. నా పేరు పోయిన ఏడు వల నా పడవలో ఏసింది ఆయన. ఆ ఇల్లు గోడ మీద ఉన్నన్నాళ్లూ ఆ వల నేనే కడతా. పట్టింది ఆ ఇంటికే చేరస్తా."

పెద్దాయన తల గోక్కున్నాడు. "సరే. పేరు ఎవురిదని రాయాల? పోయినోడి పేరు రాయకూడదు గదా."

"నాది" అంది ఆయన భార్య, ఆడవాళ్ల వరసలోంచి. "నా పేరే రాయండి. వేలిముద్ర గాదు, సంతకం పెడతా."

ఊరు ఒప్పుకుంది. ఆ సాయంత్రమే ఆమె ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి, ప్రింటరు, రూళ్ల పుస్తకంతో సహా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "అచ్చేసే పని గూడా ఇంక నాదే అయ్యోరా. ఇంగ్లీషు మీరు చదవండి, మీటలు నేను నొక్కతా. ఆయన పక్కన కూర్చోని చూసిందే గదా."

మొన్న ఉదయం ఆమె వచ్చేసరికి తెర మీద ఆ చిన్న పెట్టె ఇంకా నిలిచే ఉంది. కొత్త విడుదల వచ్చిందనీ, ఇప్పుడే మారతారా అని అడుగుతోందనీ చదివి చెప్పాను.

"తర్వాత అనండి. లిస్టు గోడకెక్కినాక చూద్దాం. మందిరంలో చెప్పొచ్చినా, వచ్చే సోమవారం తొమ్మిదింటికి."

తర్వాత అన్నదాని మీద ఆమే నొక్కింది. నిరుటి పట్టిక తెరిచి, మొదటి వరసను చివరికి దించి, అక్కడున్న పేరును ఒక్కో అక్షరం చెరిపింది. ఆ ఖాళీ గడి ముందు కొంతసేపు చేయి ఆగింది. నేను నా నోటుపుస్తకంలో సమయం రాసుకుంటూ తల ఎత్తలేదు. తరువాత మీటల చప్పుడు మొదలైంది.

రెండు పుటలు వచ్చాయి. వాటిని పక్కపక్కన పరిచి, ఆమె పైనుంచి కిందికి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. ఆ తరువాత కింది నుంచి మొదలుపెట్టింది. మొదట వేలు పడింది తన పేరు మీదే. "ఒకటి" అని పైకి అని, ఒక్కో ఇంటి దగ్గరా ఆగుతూ ముప్పై ఎనిమిది దాకా వెళ్లింది.